నాయనమ్మ రెండు రకాలుగా చెబుతోంది, ఏది రాయాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. మా నాయనమ్మకు తొంభై దాటాయి. నిజాం పాలన ఆఖరి రోజుల్లో, చిన్న వయసులోనే ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. మా తాతగారి అన్న ఆ కాలంలోనే ఇల్లు విడిచి వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన కథను నవలగా రాయాలని చాలాకాలంగా నా కోరిక. నాయనమ్మ మాటలు ఫోనులో రికార్డు చేస్తున్నాను. ఇబ్బంది ఏమిటంటే, ఒకసారి 'రజాకార్లు వచ్చి తీసుకుపోయారు' అంటుంది, ఇంకోసారి 'తనే దళంలోకి వెళ్లిపోయాడు' అంటుంది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి, జొన్నచేలో దాక్కోవడం, ఆయన కందిలి ఆర్పడం మాత్రం రెండు కథల్లోనూ ఉంటాయి. అది పోలీస్ యాక్షన్ జరిగిన వారంలోని సంగతని మా పెదనాన్న అంటారు. ఇంటి గుట్టు రచ్చకెక్కించవద్దని కూడా అంటారు. ముందు చరిత్ర పుస్తకాలన్నీ చదివి అప్పుడు రాయమని ఒక స్నేహితురాలి సలహా. బడి, వంట, పిల్లలు, నాయనమ్మ సేవ పోగా నాకు మిగిలేది రాత్రి ఒక గంట. రెండింటిలో ఏది నిజమనుకుని రాయాలి? అసలు రాయవచ్చా?

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం చదవగానే నేను చూసింది 1948 నాటి తిథులు. ఆయనను ఎవరు తీసుకుపోయారన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ చీకటి సంగతి తేలాలి అనిపించింది.

పోలీస్ యాక్షన్ పేరిట భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది ఆ యేడు సెప్టెంబరు 13న. నిజాం చేతులెత్తేసింది 17న. సర్వధారి నామ సంవత్సరం, భాద్రపద మాసం. అప్పటికి వినాయక చవితి వెళ్లి వారం అయి ఉంటుంది. అంటే మీ పెదనాన్న చెప్పే ఆ రోజులన్నీ శుక్లపక్షంలో దశమికీ పున్నమికీ మధ్య పడ్డాయి. 13వ తేదీన అర్ధరాత్రి దాటేదాకా వెన్నెల, 17న దాదాపు తెల్లవారేదాకా వెన్నెల. మబ్బు కమ్మితే తప్ప, చేలో పక్క మనిషి ముఖం కనిపించనంత చీకటి ఆ వారంలో కుదరదు. వానకాలం కనుక మబ్బు కమ్మి ఉండవచ్చు, కాదనను. కానీ మీ నాయనమ్మ చీకటిని చెబుతోందే గానీ వానను చెప్పినట్టు మీరు రాయలేదు. చేలో తడిసి ముద్దయిన పిల్ల ఇన్నేళ్ల తర్వాత చీకటిని గుర్తుంచుకుని తడిని మరిచిపోతుందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మరి చీకటి రాత్రులు ఎప్పుడు వచ్చాయి? సైన్యం రావడానికి పది రోజుల ముందు ఒక అమావాస్య ఉంది. వచ్చాక దాదాపు మూడు వారాలకు, అక్టోబరు మొదట్లో, పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య ఉంది. మొదటి అమావాస్య నాటికి రజాకార్లు ఊళ్ల మీద పడుతూనే ఉన్నారు. పెత్రమాస నాటికి వాళ్ల ఆట కట్టింది, వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ అరెస్టయ్యాడు, ఇక సైన్యం, పోలీసులు కలిసి కమ్యూనిస్టు దళాల కోసం గాలింపు మొదలుపెట్టారు. రెండు అమావాస్యలకూ జొన్న మనిషెత్తున నిలబడి ఉంటుంది. రెండింటిలోనూ దాక్కోవలసిన అవసరం ఉంది. ఎవరి నుంచి దాక్కున్నారన్నదే మారింది.

అందువల్ల నా అనుమానం ఇది. మీ నాయనమ్మ ఒకే రాత్రి గురించి రెండు కథలు చెబుతోందని మీరు అనుకుంటున్నారు. ఆమె రెండు రాత్రుల గురించి చెబుతోందేమో చూడండి. పన్నెండు పదమూడేళ్ల పిల్ల, ఇంకా అలవాటు పడని అత్తవారిల్లు, నెల తిరగకుండా రెండుసార్లు చేలోకి పరుగు. అన్నేళ్లలో ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒక్క చీకటిగా మిగిలి ఉండవచ్చు. మొదటిసారి రజాకార్లు మీ పెద్దతాతను పట్టుకుపోయి ఉండవచ్చు. సైన్యం వచ్చిన గందరగోళంలో ఆయన బయటపడి ఇల్లు చేరి, రెండోసారి తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లిపోయి ఉండవచ్చు. ఇది ఊహే. అయినా నవల రాసేవారికి పనికివచ్చే ఊహ. ఇందులో ముసలావిడ అబద్ధం చెప్పిందనో, మతి తప్పిందనో అనుకోవలసిన పని లేదు.

దీన్ని తేల్చుకోవడానికి ఆమెను తేదీలు అడిగి లాభం లేదు. 'ఏ సంవత్సరం నాయనమ్మా' అని అడిగితే మన ముచ్చట తీర్చడానికి ఏదో ఒకటి చెప్పేస్తారు. చేలో ఆకలేస్తే ఏం తిన్నారో అడగండి. మన నాటు పచ్చజొన్న సెప్టెంబరు మొదట్లో ఇంకా కంకి వేస్తూ ఉంటుంది, గింజ దొరకదు. అక్టోబరు వచ్చేసరికి పాలు పోసుకుని గట్టిపడుతూ ఉంటుంది. కంకి విరిచి అరచేతిలో నలుపుకుని, పొట్టు ఊదుకుని తినవచ్చు. పచ్చి గింజలు నమిలామని ఆమె అన్నదంటే మీరు పెత్రమాస దగ్గర ఉన్నారు. ఆ యేడు ఎంగిలిపూల బతుకమ్మ ఆడారా, తంగేడు, గునుగు తెచ్చింది ఎవరు, బతుకమ్మను ఏ చెరువులో వేశారు, లేక ఊళ్లో ఆ యేడు ఆడనే లేదా? పీర్ల పండుగ ఆ సంవత్సరం నవంబరులో వచ్చింది. పీర్లు లేచే నాటికి పెద్దతాత ఊళ్లో ఉన్నాడా, అలావా గుండం చుట్టూ ఆడాడా? ఆడవాళ్లకు తేదీలు గుర్తుండవని సభల్లో పెద్దమనుషులు అంటూ ఉంటారు. వాళ్లు అడిగే తేదీలు గుర్తుండవు, అంతే.

కందిలి మాట కూడా ఊరికే వదిలేయకండి. అది ఎవరిది? మన నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఆముదాల పంటకు పెట్టింది పేరు. సామాన్య రైతు ఇంట్లో వెలిగేది ఆముదం దీపమే. గ్యాసునూనె రెండో ప్రపంచయుద్ధం రోజుల నుంచీ కరువుగా ఉండేది. ఇంట్లో కందిలి ఉందంటే కాస్త కలిగిన ఇల్లయినా అయి ఉండాలి, పటేలు ఇంటి నుంచో పట్వారీ ఇంటి నుంచో వచ్చినదైనా కావాలి, ఆ రాత్రి ఎవరో తెచ్చినదైనా కావాలి. తెచ్చినవాడు ఎవరు? అడగండి, చెబితే చెబుతుంది. చెప్పకపోతే ఆ కందిలి తెచ్చిన మనిషిని మీరు కల్పించుకోవచ్చు, అది మీ హక్కు.

అడిగే పద్ధతి గురించి రెండు మాటలు. ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పెట్టి, మీరూ ఎదురుగా కూర్చుంటే ఆమె వాంగ్మూలం ఇస్తుంది. వాంగ్మూలంలో మనుషులు తమకు అనుకూలమైనదే చెబుతారు, అది సహజం. చింతపండు గింజలు తీస్తూనో, వత్తులు చేస్తూనో ఉన్నప్పుడు, ఇద్దరి చూపూ చేతి పని మీదే ఉన్నప్పుడు, ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. మీ పెదనాన్న ఇంట్లో లేని వేళ చూసుకోండి. కొడుకు వింటుండగా తల్లి చెప్పే కథ వేరు, మనవరాలి దగ్గర చెప్పే కథ వేరు. అన్నిటికన్నా ముఖ్యం, ఆమెను సరిదిద్దవద్దు. 'మొన్న వేరేగా చెప్పావు కదా' అని ఒక్కసారి అన్నారో, ఇక ఆ కథ మీ దగ్గర ఎత్తదు. రోజంతా పిల్లల తప్పులు దిద్దే పంతులమ్మకు ఇది కష్టమేనని తెలుసు.

రజాకార్ల కథను ఆమె ఎక్కువసార్లు చెబుతుందా, దళం కథనా? మీరు రాయలేదు. మొదటిదే ఎక్కువగా చెబుతుందని నా పందెం. ఎందుకంటే ఆ కథ ఎవరికీ అడ్డు రాదు. రజాకార్లు 1948 సెప్టెంబరుతో పోయారు. ఆ తర్వాత 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించేదాకా మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో చనిపోయినవారి గురించి, జైళ్లకు పోయినవారి గురించి మాట్లాడటం ఊళ్లో అంత సులువు కాదు. చంపింది ఎవరు, జాడ చెప్పింది ఎవరు, అన్నం పెట్టింది ఎవరు అన్న ప్రశ్నలన్నీ అదే ఊరి గడపల్లోకి వెళ్తాయి. ఊరు విడిచిపోయిన శత్రువు మీద నేరం వేస్తే ఎదురింటివారితో వియ్యం అందుకోవచ్చు. పైగా 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చింది. హైదరాబాద్ విలీనం కోసం పోరాడినవారికీ తర్వాత అది వర్తించింది. దరఖాస్తులో ఏం రాస్తే చెల్లుతుందో దానికి తగినట్టు చాలా ఇళ్లలో జ్ఞాపకాలు కూడా సర్దుకున్నాయి. మీ ఇంటి ట్రంకు పెట్టెలో అలాంటి దరఖాస్తు నకలు ఉన్నదేమో వెతకండి. ఉంటే దాన్ని సాక్ష్యంగా కాదు, ఒక పాత్ర చెప్పిన మాటగా చదవండి.

ఇక మీ పెదనాన్న సంగతి. ఇంటి గుట్టు అంటున్నారు. దాదాపు ఎనభై ఏళ్ల కిందట పోరాటంలోకి వెళ్లిన మనిషి వల్ల ఈనాడు ఏ ఇంటి పరువు పోతుంది? పెరగాలి కదా. నేను ఆయనను ఎరగను, నా మాట తప్పు కావచ్చు. కానీ ఈ రెండు జిల్లాల్లో ఇలాంటి ఇళ్లను చూసిన అనుభవంతో చెబుతున్నాను, ఆ భయం పరువు గురించి కాకుండా సర్వే నెంబరు గురించి కావచ్చు. తిరిగి రాని అన్నకు పొలంలో వాటా ఉంటుంది. ఆ వాటా ఏమైంది?

అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆయనకు పెళ్లయిందా? మీ తాతకు అప్పటికే పెళ్లయి భార్య కాపురానికి వచ్చిందంటే, ఆయన అన్నకు కాకుండా ఉండటం ఆ రోజుల్లో అరుదు. మరి ఆ భార్య ఎవరు? పుట్టింటికి పంపారా, మారుమనువు చేశారా, మీ ఇంట్లోనే ఒక మూల ఉండి పోయిందా? ఇంత వివరంగా రాసిన మీ ఉత్తరంలో ఆమె ఊసు ఒక్క ముక్క లేదు. అది మీ మరుపు కాదు, మీ దాకా ఆమెను రానివ్వలేదు. నాయనమ్మకు తోడికోడలు ఆమె. పదమూడేళ్ల పిల్లకు ఆ ఇంట్లో తల దువ్విన చేతులు ఎవరివై ఉంటాయి?

ఖాస్రా పహాణి చూడండి. 1954-55లో తెలంగాణ గ్రామాల్లో సర్వే నెంబర్ల వారీగా పట్టాదారు ఎవరు, సాగులో ఉన్నది ఎవరు అని రాసిన రికార్డు అది. ఇప్పటికీ భూమి తగాదా వస్తే ముందు దాన్నే అడుగుతారు. మీ పొలానికి ఎదురుగా పట్టాదారు గడిలో ఉన్న పేరు, సాగు గడిలో ఉన్న పేరు ఒకటేనా? తహశీల్దారు కార్యాలయంలో నకలు అడగవచ్చు. దానికన్నా పాత భూమి రికార్డు సేత్వారు. అది దొరికితే ఉర్దూ బాగా వచ్చిన పెద్దవారిని పట్టుకోవాలి. పాత దఫ్తర్లలో శికస్తా రాత పరుగు మీద సాగుతుంది, అక్షరాలకు చుక్కలు కూడా సరిగా పెట్టరు. ఒకే పేరును ఇద్దరు మౌల్వీ సాబులు ఇద్దరు మనుషులుగా చదివి, టీ చల్లారేదాకా వాదించుకోవడం నేను పక్కన కూర్చుని చూశాను.

అక్కడ మీకు ఏమి కనిపించినా ఆ కాగితం పట్టుకుని పెదనాన్న దగ్గరికి వెళ్లవద్దు. మీరు నవల రాస్తున్నారు, దావా వేయడం లేదు. ఊరి పేరు మార్చండి, ఇంటి పేరు మార్చండి, చెరువు కింద పొలాన్ని వాగు ఒడ్డుకు జరపండి. అన్న వాటాను అనుభవించిన తమ్ముడి పాత్ర రాయవలసి వస్తే, వాడు దొంగలా కాకుండా, ఏటా పంట ఇంటికి వచ్చినప్పుడు అన్న గుర్తుకొచ్చి అన్నం సయించని మనిషిలా రాయండి. బహుశా నిజం కూడా అలాగే ఉండి ఉంటుంది. రాసింది అచ్చు కాకముందు నాయనమ్మకు చదివి వినిపించండి, ఆమెకు ఆ హక్కు ఉంది. పెదనాన్నకు అచ్చయ్యాక ఇవ్వండి. ముందే చూపించడమే మర్యాద అని ఇంకొకరు అనవచ్చు. నా అనుభవంలో ముందే చూపిన రాతప్రతి ఏదీ తిరిగి పూర్తి ఆకారంలో రాలేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మ పుట్టిల్లు కొల్లాపురం వైపు కృష్ణ ఒడ్డున ఉండేది, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగింది. ప్రాజెక్టు గురించి కావలసినంత చదివాను: 1963లో శంకుస్థాపన, ఎనభైల మొదట్లో జలాశయంలోకి నీళ్లు, ముంపుకు గురైన పల్లెలు, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురానికి తరలించి మళ్లీ కట్టడం. ఊరు ఎలా ఖాళీ చేశారని అమ్మను ఎప్పుడు అడిగినా జవాబు రాదు. చేతిలో పని పక్కన పెట్టి, నేల మీద అరచెయ్యి బోర్లా వేసేది. దాని పక్కనే రెండో చెయ్యి ఆనించేది. మళ్లీ మొదటి చెయ్యి ఎత్తి ముందుకు వేసి, 'ఇంత ఉండేది మా గడప' అనేది. మూడు చేతుల వెడల్పు. తొక్కి తొక్కి నడుమ గుంట పడిందట, పసుపు ఆ గుంటలో నిలిచేదట. అంతటితో కథ అయిపోయేది. గుడినే విప్పి తెచ్చారు కదా, గడప తెచ్చుకోలేకపోయారా అని ఒకసారి అడిగాను. 'తెచ్చి ఎక్కడ పెట్టాలి' అంది.

ఆ మాటను నా నవలలో ఎవరి నోట పెట్టాలో తేలడానికి చాలాకాలం పట్టింది. చివరికి నష్టపరిహారం లెక్కకట్టడానికి వచ్చిన గుమాస్తాతో ఒక ముసలాయన అన్నట్టు రాశాను. అమ్మ ఆ పేజీ చదివి, 'ఈ ముసలాయన ఎవరు, మా ఊళ్లో ఇలాంటివాడు లేడే' అని పుస్తకం పక్కన పెట్టేసింది. మీకూ ఇలాంటి మెప్పుదలలే దొరుకుతాయి, సిద్ధంగా ఉండండి.

చెప్పవచ్చేదేమిటంటే, చెప్పిన ప్రతిసారీ కథ మారినా మారని వస్తువు ఒకటి ప్రతి మనిషి దగ్గరా ఉంటుంది. మా అమ్మకు గడప. మీ నాయనమ్మకు ఆర్పిన కందిలి. ఆమె చెప్పని దాన్ని గుచ్చి గుచ్చి అడగడం కన్నా, చెప్పిన ఆ ఒక్కదాని చుట్టూ తిరగడం మేలు. పెద్దతాతను ఎవరు తీసుకుపోయారో మీ నవల తేల్చి చెప్పవలసిన అవసరం లేదు. ఒక కథను నాయనమ్మ పాత్రకు ఇవ్వండి, రెండోదాన్ని ఆ తోడికోడలికి ఇవ్వండి. ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్లు, ఒకే మనిషి గురించి రెండు నమ్మకాలతో ముప్పై ఏళ్లు వండి వడ్డించుకున్నారనుకోండి. మీకు ఇక కథ కోసం వెతుక్కునే పని ఉండదు.

మనుషుల విషయంలో ఇంత స్వేచ్ఛ తీసుకోమంటున్నాను కనుక వస్తువుల విషయంలో మాత్రం పట్టు విడవకండి. అప్పటి రూపాయి హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు మారకం. హాలీ నాణేలు 1959 దాకా చేతులు మారుతూనే ఉన్నాయి కనుక, సైన్యం వచ్చిన మర్నాడే అంగట్లో కొత్త డబ్బు గలగలమనదు. సర్కారు కాగితాల్లో సంవత్సరం ఫసలీ. అజుర్ నెలతో, అంటే మన అక్టోబరు మొదటి వారంలో, కొత్త సంవత్సరం వస్తుంది. ఫసలీకి 590 కలిపితే ఆ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సరిపోతుంది, జనవరి నుంచి 591 కలపాలి. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. నిజాం రాజ్యపు ఆఖరి యేడు దాదాపుగా ఆ ఒక్క అంకెలోనే ఇమిడిపోతుంది. రికార్డుల్లో ఆ అంకె కనిపిస్తే ఆగి చదవండి.

మీ పెద్దతాత కృష్ణ దాటే ఘట్టం రాస్తే, ఇప్పటి సాగర్ నీళ్లను మనసులో నుంచి తుడిచేయండి. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. 1948లో అక్కడ ఉన్నది రాళ్ల మధ్య పారే నది, దాటడానికి పుట్టి, అవతల గుంటూరు జిల్లా. అది అప్పటి మద్రాసు రాష్ట్రం. 1947 ఆగస్టు తర్వాత ఆ ఒడ్డున దిగినవాడు నిజాం ఇలాకా దాటి స్వతంత్ర దేశంలో అడుగుపెట్టినట్టే. అయితే 1948 పెత్రమాస తర్వాత దాటితే ఆ తేడా లేదు, రెండు ఒడ్లలోనూ అదే పోలీసు. ఆయన రెండోసారి ఇల్లు విడిచినది అప్పుడే అయితే, నది కన్నా నల్లమల అడవి ఆయనకు దగ్గర దారి. దళాలు చాలావరకు అటే మళ్లాయి.

పుస్తకాలన్నీ చదివాక రాయమన్న మీ స్నేహితురాలు మంచి మనిషే అయి ఉంటారు. కానీ ఆ సలహా వింటే మీరు ఎప్పటికీ రాయరు. రాస్తూ పోండి, ఎక్కడ పెన్ను ఆగుతుందో అక్కడి ప్రశ్న ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వేసవి సెలవుల్లో ఆ కాగితంతో హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లండి. ప్రశ్న లేకుండా అక్కడికి వెళ్లినవారు కట్టలు తిరగేసి, తుమ్మి, తిరిగి వస్తారు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రిక పాత సంచికలు దొరికినచోట ప్రకటనలు కూడా వదలకుండా చదవండి. ఏ వస్తువు కొత్తగా వచ్చింది, దేనికి మోజు ఉంది అన్నవి వార్తల కన్నా అక్కడ బాగా తెలుస్తాయి.

చరిత్రలో పేరున్నవారిని నవలలోకి అతిథులుగా పిలవకండి. ఇది నా చాదస్తం అనుకున్నా సరే. 1946 జూలై 4న కడవెండిలో సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ ఊరు అప్పట్లో మన నల్గొండ జిల్లాలోనిదే. ఆ వార్త మీ ఊరికి ఎన్ని రోజులకు చేరింది, ఎవరు మోసుకొచ్చారు, చేరేసరికి ఎంత మారింది అన్నది మీరు రాయవలసిన ఘట్టం. కడవెండి వీధిలో మీ పెద్దతాతను నిలబెట్టి తుపాకీ మోత వినిపిస్తే పాఠకుడికి అనుమానం వస్తుంది. అలాగే కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారు 1952లో తొలి లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారన్నది పాఠ్యపుస్తకంలో రాయదగిన సంగతి. నవలలో అయితే, ఆ ఓట్ల రోజున ఇంటిలోని మగవాడు తిరిగి వస్తాడేమోనని గేటు వైపు చూస్తూ కూర్చున్న తోడికోడలు చాలు.

భాష గురించి మీరు అడగలేదు. మాట్లాడేది మీ ఊరి మాటలో, కథ నడిపేది మీకు చేయి తిరిగిన భాషలో ఉంచండి. గడి, వెట్టి, నాగు వంటి మాటలకు అడుగున అర్థాలు రాయకండి, సందర్భమే చెప్పాలి.

ఇక రాత్రి ఒక గంట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాయమని చెప్పే రచయితల ఇళ్లలో ఆ వేళకు టీ పెట్టి ఇచ్చేవారు వేరే ఉంటారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను మహబూబ్‌నగర్ బస్సులోనే ఆలోచించేవాణ్ణి, ఇంటికి వచ్చాక ఆలోచించింది రాసుకోవడం తప్ప ఇంకేమీ చేసేవాణ్ణి కాదు. మీరూ ఆలోచనను ఆ గంటలో పెట్టుకోకండి, అది వంట దగ్గర, బడికి నడిచే దారిలో అయిపోవాలి. గంటలో రాత మాత్రమే. కళ్లు మూతలు పడే రోజున కొత్తది ఏదీ తలపెట్టకుండా, రికార్డులో నుంచి నాయనమ్మ మాట ఒక్క వాక్యం ఉన్నది ఉన్నట్టు దించుకుని పడుకోండి.

పనుల జాబితాలో నాయనమ్మ సేవను కూడా రాతకు అడ్డుగా లెక్కేశారు. ఆమె కాళ్లకు నూనె రాసేటప్పుడు మోకాలి కింద ఉన్న మచ్చ ఎప్పటిదో అడిగారా? తొంభై ఏళ్ల ఒంటి మీద మచ్చ లేకుండా ఉండదు. తల దువ్వేటప్పుడు, 'నీకు మొదట ఈ ఇంట్లో తల దువ్వింది ఎవరు' అని అడగండి. ఆమె నోట ఒక పేరు వస్తే, అదే మీకు కావలసిన మనిషి కావచ్చు.

నవలను పోరాటంతో మొదలుపెట్టకుండా ఆ పేరుతో మొదలుపెట్టండి. మొదటి ప్రకరణం పది పుటలు చాలు, రాసి పంపండి, చదివి చెబుతాను. చేతిరాతైనా పరవాలేదు, అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా ఉండాలి. నా కంటి ఆపరేషన్ వచ్చే నెలకు వాయిదా పడింది.